వెనక ఇరుసు లెక్క

పాత ఫోర్డ్ మస్టాంగ్ బేరానికి వెళ్లిన మనవాళ్లు ముందు బానెట్ ఎత్తించి చూస్తారు. నేను వెనక్కి వెళ్లి నేల మీద పడుకుంటాను. ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్ మూతకున్న ఒక బోల్టుకి చిన్న రేకుముక్క వేలాడుతూ ఉంటుంది. తుప్పు గీకితే అంకెలు బయటపడతాయి. 3 08 అని ఉండొచ్చు, 3ఎల్73 అని ఉండొచ్చు. మధ్యలో ఎల్ ఉంటే లోపల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్నట్టు, లేకపోతే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. అమ్మేవాడు ఎన్ని కబుర్లయినా చెప్పనివ్వండి, కారు రోడ్డు మీద ఎలా నడుస్తుందో సగం ఆ రేకే చెబుతుంది.

డల్లాస్ శివార్లలో ఉండే మా మేనల్లుడు 1989 నాటి మస్టాంగ్ జీటీ కొన్నాడు. 5 లీటర్ల వీ8, 225 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్. కొన్న వారానికే ఫోను. "మామయ్యా, వెనక 4.10 వేయించేద్దామనుకుంటున్నా. అందరూ అదే అంటున్నారు."

"ఆ అందరూ రోజూ ఆఫీసుకి ఏ రోడ్డులో పోతార్రా?"

కాసేపు మాట లేదు. తర్వాత కాగితం, పెన్ను పట్టుకోమన్నాను.

ఇరుసు లోపలి క్రౌన్ వీల్ పళ్లను, దాన్ని తిప్పే పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేకు మీది ఆ అంకె. 41 పళ్ల క్రౌన్, 11 పళ్ల పినియన్ అయితే 3.73. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్ అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అంకె పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, కానీ అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి. ఎంత ఎక్కువో తెలుసుకోవడం ఐదో తరగతి లెక్క. గంటకి ఎన్ని మైళ్లో ఆ అంకెని 336తో గుణించి, టైరు ఎత్తు ఎన్ని అంగుళాలో దానితో భాగించాలి. వచ్చినదాన్ని ఇరుసు అంకెతోనూ, పై గేరు అంకెతోనూ గుణిస్తే ఆర్‌పీఎం. వాడి కారుకి 225/60 ఆర్15 టైర్లు, ఎత్తు 25.6 అంగుళాలు. ఐదో గేరు 0.68. హైవే మీద 70 మైళ్లు, అంటే మన లెక్కన దాదాపు 113 కిలోమీటర్లు. ఫ్యాక్టరీ వేసిన 2.73 ఇరుసుతో ఇంజన్ దాదాపు 1,700 తిరుగుతుంది. 3.08కి 1,920, 3.55కి 2,220, 3.73కి 2,330, 4.10కి 2,560.

3.55 మంచిదా, 3.73 మంచిదా అని గరాజుల్లో గంటల తరబడి వాదించుకుంటారు. రెండింటి మధ్య తేడా 110 ఆర్‌పీఎం! కారులో రేడియో మోగుతుంటే దాన్ని పసిగట్టగలవాడు నాకింకా తారసపడలేదు.

అసలు ఫ్యాక్టరీవాళ్లు అంత బలమైన ఇంజన్‌కి 2.73 లాంటి మందకొడి గేరు ఎందుకు పెట్టారు? 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక అమెరికా దేశమంతటికీ 55 మైళ్ల వేగపరిమితి తెచ్చింది. 1974 జనవరిలో చట్టమైంది. మరుసటేడు కార్ల కంపెనీలకు మైలేజీ నియమాలు వచ్చాయి. ఆ లెక్కల్లో నెగ్గాలంటే ఇంజన్ వీలైనంత నిదానంగా తిరగాలి. 2.73తో ఐదో గేరులో 55 మైళ్ల దగ్గర ఇంజన్ 1,340 మాత్రమే తిరుగుతుంది. దేశవ్యాప్త పరిమితిని 1995లో పూర్తిగా ఎత్తేశారు. ఆనాటి కార్ల ఇరుసుల్లో మాత్రం అది ఇంకా అమల్లోనే ఉంది. కాబట్టి ఆ గేరు మార్చడం నా దృష్టిలో విలాసం కాదు. దేనికి మార్చాలన్నదే పేచీ.

4.10 వేస్తే మొదటి గేరు దాదాపు 30 మైళ్ల దగ్గరే 5,500 ఆర్‌పీఎంకి చేరుతుంది. సిగ్నల్ దాటీ దాటకముందే రెండు, ఆ వెంటనే మూడు. ఆ ఇంజన్ పూర్తి టార్క్ ఇచ్చేదే 3,200 దగ్గర, పైకి పరిగెత్తే రకం కాదు. కింద నుంచి లాగే ఇంజన్‌కి అంత పెద్ద అంకె దండగ. అయితే ఇదే మాట ఆటోమేటిక్ బండి ఉన్నవాడికి చెప్పను. ఆ కాలపు నాలుగు గేర్ల ఫోర్డ్ ఆటోమేటిక్‌లో మొదటి గేరు 2.40, మాన్యువల్‌లో 3.35. ఇరుసు అంకెతో గుణించి చూడండి. ఆటోమేటిక్‌కి 3.73 వేసినా 8.95 వస్తుంది. మాన్యువల్‌కి ఫ్యాక్టరీ 2.73తోనే 9.15! టార్క్ కన్వర్టర్ కొంత సాయం చేస్తుంది, అది వేరే సంగతి. ఓవర్‌డ్రైవ్ లేని 1960ల బండ్లకి మళ్లీ ఇంకో లెక్క. పై గేరు 1.00 ఉన్న కారుకి 3.73 బిగిస్తే, అదే టైరుతో, అదే 70 మైళ్లకి 3,400 పైచిలుకు. ఆ బండి నడిపిన పెద్దాయన సలహా ఈ బండికి పనికిరాదు. అంకె అదే, కారు వేరు.

మావాడికి 3.55 చెప్పాను. కొంచెం నిరుత్సాహపడ్డాడు.

"మరి డిఫరెన్షియల్, మామయ్యా?"

ఇది కాస్త చిక్కు ప్రశ్న. కారు యూటర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు నాలుగున్నర మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు ఎంత ఇరుకైనా, ఎంత విశాలమైనా ఆ తేడా మారదు. చక్రాల మధ్య వెడల్పుని బట్టే ఉంటుంది. ఆ తేడాని సర్దేదే డిఫరెన్షియల్. ఓపెన్ రకం రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. చిక్కంతా ఆ సమానత్వంతోనే. ఒక చక్రం ఇసుకలో ఉంటే ఎంత తక్కువ బలంతో అది జారిపోతుందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. 1992లో వచ్చిన 'మై కజిన్ విన్నీ' సినిమాలో హత్య కేసు తేలేది ఈ పాయింటు మీదే. రెండు టైర్ల గుర్తులూ సమానంగా పడ్డాయంటే ఆ కారులో పాజిట్రాక్షన్, అంటే లిమిటెడ్ స్లిప్, ఉండి తీరాలని సాక్షి బోనులో హీరోయిన్ వాదిస్తుంది. మెకానిక్ విద్యతో కోర్టులో గెలిచిన సన్నివేశం నాకు ఇంకోటి తెలియదు.

ఓపెన్ రకం చిక్కుకి మందు లిమిటెడ్ స్లిప్. అందులో ఫోర్డ్‌వాళ్ల ట్రాక్షన్‌లాక్ క్లచ్ ప్లేట్లతో పనిచేస్తుంది. ప్లేట్లు అరుగుతాయి, విప్పి కొత్తవి వేయించుకోవచ్చు, ఖర్చు తక్కువ. ఆయిల్‌తోపాటు 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్ పోయాలి, లేకపోతే పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా వెనక నుంచి గరగర. టోర్సెన్, ట్రూట్రాక్ లాంటివాటిలో ప్లేట్లుండవు, పని అంతా గేర్లదే. నెమ్మదిగా, చప్పుడు లేకుండా పట్టు అందిస్తాయి. ధర ఎక్కువ. చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం చేతులెత్తేస్తాయి, అయినా రోడ్డు మీద తిరిగే కారుకి ఆ అవసరం ఎంత? లాకర్ మలుపుల్లో టకటకమంటూ విడివడి, గ్యాస్ తొక్కగానే మళ్లీ బిగుసుకుంటుంది. స్పూల్ అయితే రెండు చక్రాలనూ ఒకే కడ్డీ చేసేస్తుంది. అది డ్రాగ్ స్ట్రిప్ సరుకు. రోజూ తిరిగే కారులో స్పూల్ వేసుకున్నవాడి పక్కన కూర్చోవడానికి నేను ఒప్పుకోను.

ఒక మాట అమ్మకందార్లు చెప్పరు. వాన రోడ్డు మీద గ్యాస్ ఎక్కువైతే ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక చక్రమే గిర్రున తిరుగుతుంది, రెండోది కారు తోకని నిలబెడుతుంది. లిమిటెడ్ స్లిప్ ఉంటే రెండూ ఒకేసారి జారి, తోక పక్కకి పోతుంది. టెక్సస్‌లో చాన్నాళ్ల ఎండ తర్వాత మొదటి జల్లు పడ్డ రోడ్డెంత నున్నగా ఉంటుందో అక్కడ నడిపేవాళ్లని అడగండి. లిమిటెడ్ స్లిప్ వేయించేవాడు కాలి వేళ్లకి కూడా కొంచెం వినయం నేర్పాలి. మావాడి కారు ఇరుసులో ట్రాక్షన్‌లాక్ ఉండనే ఉంది. దానికే కొత్త ప్లేట్లు వేయించి వాడుకోమన్నాను.

ఇంత ఆలోచించి కొన్న గేరుని బిగించడం దగ్గర పొదుపు చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్రౌన్, పినియన్ జతగా నూరి తయారవుతాయి. ఒక జతలోది ఇంకో జతలోదానికి సరిపోదు. పినియన్ ఎంత లోతుగా కూర్చోవాలో షిమ్ములనే పలుచటి రేకులతో తేల్చాలి. పళ్ల మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 8 నుంచి 12 ఉండాలి. పళ్లకి పసుపు రంగు పేస్టు పూసి తిప్పి, మచ్చ ఎక్కడ పడిందో చూస్తారు. పంటి నడుమ పడితే సరే, అంచుకో మొదలుకో జరిగితే మొత్తం విప్పి మళ్లీ షిమ్ము మార్చాలి. పినియన్ నట్టు కింద నలిగే స్లీవ్ ఒకటుంటుంది. బిగింపు ఒక్క పిసరు ఎక్కువైతే వెనక్కి వదులు చేయడం కుదరదు, తీసి పారేసి కొత్తది వేయాల్సిందే. ఈ పని తెలిసిన మెకానిక్ మచ్చ చూడకుండా మూత మూయడు. మచ్చ చూపించమని అడిగితే విసుక్కునేవాడి దగ్గర కారు వదలకండి. హైవే మీద జీవితాంతం ఊళ పెట్టే ఇరుసు సాధారణంగా అక్కడే పుడుతుంది.

బిగించాక మొదట 15, 20 మైళ్లు నింపాదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. అలా రెండు మూడు సార్లు. 500 మైళ్ల దాకా గట్టిగా తొక్కకూడదు, ట్రెయిలర్ లాగకూడదు. ఆ తర్వాత ఆయిల్ మార్చండి. ఇరుసులో పోసే జీఎల్-5 ఆయిల్ గంధకం వాసన కొడుతుంది, కంగారు పడొద్దు, అది దాని సహజగుణం.

టైరు సైజు మార్చే ఉద్దేశం ఉంటే గేరు కొనకముందే తేల్చుకోండి, లెక్కంతా దాని మీదే నడుస్తుంది. గేరు మారిన రోజే ట్రాన్స్‌మిషన్ పక్కనుండే స్పీడోమీటర్ ప్లాస్టిక్ గేరునీ మార్పించండి. 2.73 తీసి 3.73 వేసి దాన్ని అలాగే వదిలేస్తే, మీరు 51 మైళ్లలో పోతుంటే ముల్లు 70 చూపిస్తుంది.