కేతిగాడికి ఎన్ని నిమిషాలు?

రామాయణం మొత్తం అరగంటలో అయిపోవాలి. ఉత్సవాలకు పిలిచేవాళ్లు తోలుబొమ్మలాట వాళ్లకు పెట్టే షరతు ఇంచుమించు ఇదే. రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడి కూసేదాకా నడిచిన ఆట అది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు ఈ కొత్త లెక్కకు ఎప్పుడో అలవాటు పడ్డారు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావుది ఆ ఊరే.

కథను కుదించినందుకు నాకేం దిగులు లేదు. 1981లో అమెరికాలో మొదలైన రెడ్యూస్డ్ షేక్‌స్పియర్ కంపెనీ ముగ్గురంటే ముగ్గురు నటులతో 37 నాటకాలను 97 నిమిషాల్లో చుట్టేసి దేశాలు తిరిగింది. మనవాళ్లకు ఆ పని ఇంకా సులువు. చూసేవాళ్లకు కథంతా ముందే తెలుసు కదా! తెర వెనక కూర్చుని చూడండి. ఈతముల్లుతో గుచ్చిన సీత బొమ్మను లాగేసి అక్కడే పదితలల రావణుణ్ని ఆనిస్తే లంక వచ్చేసినట్టే. కాలికింది చెక్కను టకటకా తొక్కితే యుద్ధం. బొమ్మను తెరకు కాస్త దూరం జరిపి మళ్లీ ఆనించేలోపు హనుమంతుడు సముద్రం దాటేస్తాడు.

నా గొడవంతా కేతిగాడి గురించే. ఆటలో నవ్వించే బొమ్మ అతను; కురచ మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. పెళ్లాం బంగారక్కతో తగువు, జుట్టుపోలిగాడితో పోటీ. రాముడు ఏ ఊళ్లోనైనా ఒకే మాట మాట్లాడతాడు. కేతిగాడు మాత్రం ఆట ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మనిషి. ‘ఏమిరా పోలిగా, ఏడునూర్ల అడుగులు దించితివే, నీళ్లు పడెనా?’ ‘దుమ్ము లేసె!’ ‘మీ ఇంట్లో అయితే దించకుండానే లేస్తాది గదరా!’ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల మీద ఈ మాటకు జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు, బోరు వేసి అప్పులపాలైనవాడితో సహా. వాన కోసం విరాటపర్వం ఆడించిన ఊళ్లలోనూ ఇతగాణ్ని ఎవరూ నోరు మూసుకోమనలేదు. దేవుడి కార్యమే, అయినా బూతు బూతే.

అరగంట ఆటలోనూ కేతిగాడు వస్తాడు. రెండు గెంతులు గెంతి, పిల్లలకు నచ్చే జోకొకటి చెప్పి పోతాడు. కరెంటు బిల్లు, శనక్కాయల ధర, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి బొజ్జ, ఏదీ అతని నోట రాదు. రాముడి కథలో పోయింది పద్యాలూ రాగాలూ, వాటిని ఎవరైనా రాసిపెట్టవచ్చు. కేతిగాడి మాట అప్పటికప్పుడు, ఎదుటివాళ్ల మొహం చూసి పుట్టేది. ఆ నిమిషం ఇవ్వకపోతే అది పుట్టనే పుట్టదు.

ఉత్సవ కమిటీలో ఉన్న మిత్రుడితో ఇదే అన్నాను, అరగంటలో పది నిమిషాలు కేతిగాడికి వదలమని. వాలివధ తీసేయడానికి వెంటనే ఒప్పుకున్నాడు. కేతిగాడి మాటలు మాత్రం ముందే రాసి చూపించమన్నాడు.