అలుక్కుపోయిందా, మసకేసిందా?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన ఒక కథల సంపుటి నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. అనువాదకుడు చదువుకున్నవాడు, తప్పులు తక్కువ. అయినా చదువుతున్నంతసేపూ ఏదో పొర అడ్డం వస్తున్నట్టే ఉంది. మూలం తెచ్చి పక్కన పెట్టుకుంటే దొంగ దొరికాడు. 'బ్లర్' అనే మాట ఎక్కడ కనబడినా ఆయన 'అస్పష్టం' అని వేసి ముందుకు నడిచాడు. కన్నీళ్ళలో దీపం అస్పష్టం, రైలు కిటికీలోంచి చెట్లు అస్పష్టం, తడిసిన ఉత్తరం అస్పష్టం, భర్త పోయిన రోజు జ్ఞాపకం కూడా అస్పష్టమే.

ఈ ఇంగ్లీషు మాట పదహారో శతాబ్దం నాటిది. మొదట్లో దానికి కంటితో కంటే చేతితోనే సంబంధం ఎక్కువ. తడి సిరా మీద వేలు తగిలితే పడే మరక అది. అక్కణ్ణుంచి పేరుకు పట్టిన మచ్చ అనే అర్థం వచ్చింది. షేక్‌స్పియర్ 'హామ్లెట్'లో కొడుకు తల్లిని నిలదీస్తూ, ఆమె చేసిన పని సిగ్గుకున్న సొగసును చెడగొట్టిందనే చోట ఈ క్రియే ఉంది. అక్కడ చూపు ప్రసక్తి లేదు, మచ్చ ప్రసక్తే. ఇవాళ మాత్రం ఫొటో కుదరకపోవడమే ముందు గుర్తొస్తుంది. (పుస్తకం అట్ట మీది పొగడ్తలకు వాడే 'బ్లర్బ్' దీనికి చుట్టం కాదు. 1907లో గెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్యరచయిత సరదాకి పుట్టించిన మాట. మన అట్టల మీది కొన్ని పొగడ్తలు చదివితే మాత్రం చుట్టరికం కలపాలనిపిస్తుంది.)

ఇంగ్లీషువాడు ఒకే సంచీలో పోసిన సరుకు తెలుగువాడి ఇంట్లో వేరు వేరు డబ్బాల్లో ఉంటుంది. సిరా అలుక్కుపోతుంది. చూపు మసకేస్తుంది. నలభై దాటితే చత్వారం, ఆపైన శుక్లాలు. కళ్ళకు నీటిపొర కమ్ముతుంది. రైల్లోంచి చూస్తే చెట్లు గిర్రున వెనక్కి పోతాయి, వాటికి ఏ మసకా అక్కర్లేదు. భర్త పోయిన రోజు సంగతి అడిగితే ఏ పల్లెటూరి ఆవిడైనా "ఆవేళ ఏం జరిగిందో నాకేం తెలుసమ్మా" అంటుంది. లోపం కాగితానిదా, కంటిదా, వేగానిదా, మనసుదా అన్నది తెలుగు మాటే తేల్చి చెబుతుంది. 'అస్పష్టం' ఎవర్నీ పట్టివ్వదు. ఆఫీసు కాగితాలకు బాగానే ఉంటుంది.

నాకింత పట్టింపు ఎందుకంటే, ఈ మాట మన మీదికీ వచ్చింది. మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళిన ఊరు. సభలకు వచ్చే పెద్దలు మా దగ్గర భాషల హద్దులు 'బ్లర్' అయ్యాయంటుంటారు, మెచ్చుకోలుగానో జాలిగానో. ఏ అర్థంలో అన్నారని అడగబోయి ఊరుకుంటాను. మా మనవరాలు కళ్ళద్దాలు తీస్తే "తాతా, అంతా ఝాప్సాగా ఉంది" అంటుంది. అది ఒడియా మాట. అదే పిల్ల, హోంవర్కు మీద నీళ్ళు ఒలికిన రోజున "అంతా అలుక్కుపోయింది" అని ఏడ్చింది. అప్పుడు ఝాప్సా అనలేదు. చూపుకొక మాట, సిరాకొక మాట, ఎక్కడిది అక్కడే ఉంది. దీన్ని హద్దు చెరిగిపోవడం అని నేననలేను.

అనువాదకుడి పక్షాన కూడా ఒకటి చెప్పాలి. ఆ ఉత్తరం కథలో, వానలో తడిసి వచ్చిన ఉత్తరాన్ని భార్య విప్పుతుంది. మూలంలో ఉన్నది ఆ ఒక్క మాటే. సిరా కారిందా, ఆమె కళ్ళు నిండాయా అన్నది రచయిత చెప్పడు. రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం గెలుపు ఇంగ్లీషుదే. మనకు అలాంటి మాట నాకు తోచలేదు, ఎవరికైనా తోస్తే రాయండి. నేనైతే అక్షరాలు అలుక్కుపోయాయనీ, ఆమె కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చాయనీ రెండూ రాస్తాను. వాక్యం పెరిగితే పెరగనీ.