గుర్రు ఆగినప్పుడు

ఎండాకాలం వస్తే కర్నూలు, కడప పల్లెల్లో ఇంటిల్లిపాదీ మిద్దెక్కి పండుకుంటారు. పక్క మిద్దె మీద ఎవరు గుర్రు పెడుతున్నారో వీధంతా వింటుంది. తెల్లారితే దాని మీదే నవ్వులు. "మీ ఆయప్ప రాత్రంతా ట్రాక్టరు నడిపినాడే" అంటారు. చేన్లో కష్టపడినాడు, ఒళ్లు తెలీకుండా నిద్రపోయినాడని సమాధానం చెప్పుకుంటారు. ఎన్నో ప్రాణాల మీదికి తెచ్చే సమాధానం ఇది.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. ఇరుకైన దారిలో గాలి తోసుకుపోతుంటే కొండనాలుక, దాని చుట్టూ ఉన్న మెత్తటి కండ అదురుతాయి. గురక అదే. ఆ దారి పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఊపిరి 10 సెకన్లో, ఇంకా ఎక్కువో ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. ఆ లేచిన సంగతి అతనికి గుర్తుండదు. ఇలా ఊపిరి ఆగడం గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు డాక్టర్లు. బీపీ మాత్రలకు లొంగదు, గుండె లయ తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనల్ని ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయింది ఈ జబ్బుతోనేనని వైద్యులు చెప్పారు. రాత్రి ఇలా నిద్ర చెడిన డ్రైవరు పగలు కర్నూలు–కడప రోడ్డు మీద స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మా పెద్దమ్మ మాట ఒకటి నన్ను వదలదు. "గుర్రు పెడుతుంటే నిద్ర పట్టదు నాయనా, గుర్రు ఆగితే భయం పట్టుకుంటాది. లేచి మీ పెదనాయన ఎద మీద చెయ్యేసి చూస్తా." ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఆయన బీపీ చూశారు, షుగరు చూశారు. పక్కనే నిలబడిన ఆమెను ఒక్కరూ అడగలేదు. నిద్రపోయేవాడికి తన గురక తెలీదు. ఆ జబ్బుకు సాక్షి పక్కన మేలుకున్న మనిషే. భార్య విసుక్కుంటే గయ్యాళి అంటాం, పక్కగదిలోకి పోతే కాపురం చెడిందంటాం. ఆమె చెప్పేది రోగ లక్షణమని ఎందుకు తట్టదు మనకు?

చివరికి మా అక్క ఫోన్లో ఆ చప్పుడు, మధ్యలో ఆ నిశ్శబ్దం రికార్డు చేసి డాక్టరుకు వినిపించింది. నిద్ర పరీక్ష చేసి సీప్యాప్ యంత్రం పెట్టారు. 1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివాన్ లోకానికి చెప్పిన పద్ధతి: మాస్కు ద్వారా గాలి తోస్తూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదట ఊపిరాడదని పీకేసేవాడు పెదనాయన. మాస్కు సైజు మార్చాక అలవాటైంది. సాయంత్రం మందు మానేశాడు, వెల్లకిలా పండుకోవడం తగ్గించాడు; రెండూ పనిచేశాయి.

ఆడవాళ్ల గురక మాటైతే ఇళ్లలో ఎవరూ ఎత్తరు, పరువు తక్కువని. ముట్లుడిగాక వాళ్లకూ ఈ జబ్బు పెరుగుతుంది. పెద్ద చప్పుడు లేకుండా పొద్దున తలనొప్పిగానో, తీరని నిస్సత్తువగానో బయటపడుతుంది. ఇంటిచాకిరీ అలసట కింద కొట్టేస్తాం. పెద్దమ్మకు ఈమధ్య బియ్యం ఏరుతూ చేట ముందే కునుకు పడుతోంది. ఈసారి పరీక్షకు ఆమెను తీసుకుపోదామని అక్కతో చెప్పాను.