వర్చువలైజేషన్ పట్టికలలోని లోపము

ఒకే ఇంటిని వాటాలుగా విడదీసి, ప్రతి వాటాకు వేరు తలుపు, వేరు వంటయిల్లు ఏర్పరచి అద్దెకిచ్చుట మనమెరిగినదే. ఒక పెద్ద సర్వరును అట్లే పలు యంత్రములుగా పనిచేయించుటకు వర్చువలైజేషన్ అని పేరు. 1960 దశకములోనే ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించినది. 2001లో వి.ఎం.వేర్ సంస్థ ఇ.ఎస్.ఎక్స్. అను సాఫ్ట్‌వేరును వెలువరించిన పిమ్మట సామాన్య సర్వర్లపై కూడ ఈ పద్ధతి వ్యాపించినది.

ఏ ప్రాంతపు వ్యాపారులు దీనిని ఎంతవరకు చేపట్టిరో తెలుపు పట్టికలు అప్పుడప్పుడు వెలువడుచుండును. కొన్ని ప్రాంతములు ముందున్నవనియు, కొన్ని వెనుకబడినవనియు, అవగాహన లేమియే దీనికి కారణమనియు వాటి తీర్పు. ఇది తొందరపాటు తీర్పు.

2006లో కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ, ఈ పద్ధతిచే సర్వర్లను తగ్గించుకొన్న ఖాతాదారులకు రాయితీ ప్రకటించినది. విద్యుత్తు ఆదా యగునని దాని ఉద్దేశము. అచ్చటి వ్యాపారి ముందడుగు వేసినచో, అందులో అవగాహన పాలెంత, రాయితీ పాలెంత? పది సర్వర్లను ఒకటిగా కుదించినవానికి లాభము స్పష్టమే. ఒక్కటే ఉన్నవానికి మిగులునదేమి?

అంతకంటె పెద్ద లోపము ప్రశ్నలోనే కలదు. “మీ సర్వర్లలో నూటికి ఎన్నింటిని ఇట్లు విభజించితిరి?” అని అడుగుట, “మీ ఇంటిని వాటాలు వేసితిరా?” అని అడుగుట వంటిది. వాటాలో అద్దెకున్నవాడు లేదనియే చెప్పును. అమెజాన్ సంస్థ తన క్లౌడ్ కేంద్రములను ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022లోను ప్రారంభించినది. అట్టిచోట యంత్రమును అద్దెకు తీసుకొన్న చిన్న కంపెనీకి స్వంత సర్వరు ఒక్కటియు ఉండకపోవచ్చును. దాని పని యంతయు వర్చువల్ యంత్రముపైననే సాగుచున్నను, పట్టికలో అది సున్న!

చట్టముల ప్రభావము కూడ తక్కువది కాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, చెల్లింపుల వివరములను భారతదేశములోనే నిలువ చేయవలెనని ఆదేశించినది. అప్పటినుండి ఆ వివరములను నిలువచేయుటకు విదేశములోని అద్దె యంత్రము, ఎంత చవకదైనను, పనికిరాదు.

ఇక ముందుండుట ఎల్లప్పుడును మేలేనా? 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్‌ను కొన్నది, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకమును మాని, చందా పద్ధతి పెట్టినది. ధరలు పెరిగినవని యూరప్ క్లౌడ్ సంస్థల సంఘము సిస్పే ఫిర్యాదు చేసి, 2025లో కోర్టుకెక్కినది. ఈ సాఫ్ట్‌వేరును విరివిగా చేపట్టినవారికే దెబ్బ గట్టిగా తగిలినది. 2007లో లినక్స్‌లో చేరిన కె.వి.ఎం. ఉచితముగా లభించును, కాని ఏండ్లతరబడి ఒకే పద్ధతికి అలవాటుపడిన వందల యంత్రములను దానికి మార్చుట నెలల పని. ఆ ఖర్చునకు ఈ పట్టికలలో గడి కూడ ఉండదు.