వెంట్రుకల పుస్తకం

జర్మనీలో గాయపడిన జంతువుల జాడ తీసేవాళ్ల దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. దాంట్లో అక్షరాలకన్నా వెంట్రుకలే ఎక్కువ. వేటలో పడిన జంతువు వెన్ను, మెడ, భుజం, డొక్క, పొట్ట, తొడ, ఇలా ఒక్కోచోటి నుంచి చిటికెడు వెంట్రుకలు తీసి అట్టమీద వరసగా అంటిస్తారు. కింద జంతువు పేరు, ఒంట్లో చోటు, కాలం రాసుకుంటారు. రో డీర్ అనే చిన్న జింకకు ఎండాకాలంలో ఎర్రబొచ్చు, చలికాలంలో బూడిదరంగు బొచ్చు ఉంటాయి కాబట్టి దానికి రెండు పుటలు కావాలి. రైఫిల్ తూటా ఒంట్లోకి దూరేటప్పుడు ఆ చోటి వెంట్రుకల్ని తెంపి నేల మీద రాలుస్తుంది. గడ్డిలో దొరికిన ఆ నాలుగు వెంట్రుకల్నీ ఈ పుటల పక్కన పెట్టి చూస్తే, పారిపోయిన జంతువుకు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పవచ్చు. పొడవుగా, ముదురుగా ఉంటే వెన్ను దగ్గర. లేతరంగులో ఉంటే పొట్ట కింద.

కాల్చిన జంతువు కాల్చినచోటే కూలిపోతుందని వేట ఎరగనివాళ్లం అనుకుంటాం. గుండెకు సూటిగా తగిలినా జింక కొన్ని పదుల మీటర్లు పరుగెత్తి గాని పడకపోవచ్చు. అది పరుగెత్తింది చావడానికా, తప్పించుకోవడానికా, రోజుల తరబడి కుళ్లి బాధపడటానికా? ఇది తేల్చుకోనిదే ఇంటికి పోకూడదన్న పట్టుదలలోంచి పుట్టిందే ఆ పుస్తకం. వేట మీద నాకు మోజు లేదు. అయినా ఈ పట్టుదల చుట్టూ అక్కడివాళ్లు తరతరాలుగా పెంచుకున్న పనితనాన్ని గౌరవించకుండా ఉండలేను.

దాన్ని వాళ్లు పెద్దమనిషి తరహాకు వదిలేయలేదు, చట్టంలోకి ఎక్కించారు. 1952 నాటి సమాఖ్య వేట చట్టం ప్రకారం అడవిపందికీ, పెద్ద జింకలకూ వాడే తూటా వ్యాసం కనీసం 6.5 మిల్లీమీటర్లు ఉండాలి. 100 మీటర్ల దూరంలో దాని శక్తి 2000 జౌళ్లకు తగ్గకూడదు. రో డీర్‌కు 1000 జౌళ్లు చాలు. చిన్న చిన్న గుళ్లుగా చెదిరే తూటాలతో గిట్టల జంతువుల్ని కాల్చడం నిషేధం. గాయపడ్డ జంతువును అనవసరంగా బాధ పడనివ్వకూడదనీ అందులోనే ఉంది. లైసెన్సు కావాలంటే పరీక్ష రాయాలి, నోటితో జవాబులు చెప్పాలి, గురి చూసి కాల్చి చూపించాలి.

ఇక గురి సంగతి. జింక పక్కవాటంగా నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు వెంబడి చూపును పైకి తీసుకెళ్లి, ఒంటి ఎత్తులో మూడోవంతు దగ్గర ఆపాలి. ఆ లోపల రెండు ఊపిరితిత్తులు, వాటి కిందుగా గుండె ఉంటాయి. తూటా ఊపిరితిత్తులు రెండింటినీ దాటిపోతే మెదడుకు నెత్తురు అందడం కొద్ది సెకన్లలో ఆగిపోతుంది. చోటు చిన్నదే అయినా ఓ వేలెడు అటూఇటూ అయితే ఓర్చుకుంటుంది. తల ఓర్చుకోదు. మెదడు చిన్నది, తల క్షణం నిలకడగా ఉండదు. రెండంగుళాలు తప్పితే దవడ పగిలిన జింక మేయలేక, నీళ్లు తాగలేక రోజుల తరబడి అడవిలో తిరుగుతుంది. తలకు గురిపెట్టడాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లను మంచి వేటగాళ్లు దగ్గరికి రానివ్వరంటే ఇందుకే.

అడవిపంది దగ్గర ఈ లెక్క మారిపోతుంది. నాకు బాగా ఆసక్తి కలిగించింది ఈ భాగమే. పంది ఊపిరితిత్తులు జింక కన్నా ముందుకు, కిందికి ఉంటాయి. జింకకు చూసినట్టే కాలి వెనక చూస్తే తూటా కాలేయంలోకో పొట్టలోకో పోతుంది. అందుకని ముందుకాలి మీదుగానే, కింది మూడోవంతులో చూడాలి. పైగా దాని వీపు మనల్ని మోసం చేస్తుంది. భుజాల దగ్గర వెన్నెముక లోపలికి బాగా దిగి ఉంటుంది. దాని మీద నిలువు ఎముకలు, వాటి మీద కండ, ఆ పైన నిక్కిన జూలు. మసక వెలుతురులో ఆ జూలంతా ఒళ్లులాగే కనిపిస్తుంది. మధ్యలో కొట్టాననుకున్న తూటా నిజానికి పైన ఆ నిలువు ఎముకల్ని రాసుకుంటూ పోతుంది. అప్పుడు పంది పిడుగు పడ్డట్టు కూలిపోతుంది. వెన్నుపాముకు తగిలిన అదురుకు కాళ్లు చచ్చుబడతాయి, అంతే. కొద్దిసేపటికి లేచి చీకట్లో కలిసిపోతుంది. వేటగాడు మంచె దిగి సంబరంగా నడిచొచ్చేసరికి అక్కడ నాలుగు పొడుగు వెంట్రుకలు తప్ప ఏమీ ఉండవు. అందుకే కాల్చగానే ధబీమని కూలిన పందిని అనుభవజ్ఞులు నమ్మరు. వెంటనే రెండో తూటా ఎక్కించి, గురి దించకుండా కనిపెట్టుకుని ఉంటారు. ముదురు మగపందికైతే భుజాల మీద మందమైన గట్టి తోలు డాలులా ఉంటుంది. కింద కొవ్వు తూటా బెజ్జాన్ని పూడ్చేస్తుంది. లోపల నెత్తురు మడుగు కడుతున్నా బయట నేల మీద చాలా దూరం దాకా చుక్క పడకపోవచ్చు.

ఎప్పుడు కాల్చకూడదో తెలియడంలోనే సగం పనితనం ఉంది. జంతువు ఎదురుగా నిలబడి చూస్తుంటే కాల్చరు. వెనకనుంచి ఏటవాలుగా ఉన్నా, మందలో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డా కాల్చరు. తూటా ఒంట్లోంచి బయటికొచ్చి దిగబడటానికి వెనక మట్టి ఉండాలి. జర్మనీ చేలగట్ల మీద అన్ని మంచెలు కనిపించడానికి చూపు ఆనడం ఒక్కటే కారణం కాదు. పైనుంచి కాలిస్తే తూటా నేలలోకే పోతుంది. చారల పిల్లలు వెంట ఉన్న తల్లిపందిని కాల్చడం నేరం. అందుకే పంది కనబడినా పిల్లలు లేవని తేలేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోదు. రాత్రిపూట జింకల వేట చట్టరీత్యా నిషేధం, పందులకే మినహాయింపు.

ఇదంతా చదువుతుంటే మన మొక్కజొన్న చేలూ వేరుశనగ చేలూ గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, అది అలాగే ఉండాలి. అడవిపందుల బెడద మాత్రం నిజం. ఒక్క రాత్రిలో పంటను దున్నేస్తాయి. కడుపుమండిన రైతు కరెంటు తీగ పరుస్తాడు, ఉచ్చు పెడతాడు, కొందరు నాటుబాంబు దాస్తారు. దవడ ఎగిరిపోయిన పంది ఎన్నాళ్లకు చస్తుందో ఎవరూ చూడరు. ఆ తీగకు చిరుతలూ, చివరికి పొలానికొచ్చిన మనుషులూ బలవుతున్నారు. అనుమతి ఉన్న షూటర్లతో కాల్పించే పద్ధతి తెలంగాణలో ఉంది. తీగకన్నా అది వెయ్యిరెట్లు నయం. కాకపోతే కాల్చేవాడి వెంట జాడ తీసేవాడు కూడా ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

జాడ తీయడం ఎంత పెద్ద విద్యో చూడండి. కాల్చాక వేటగాడు కాసేపు కదలడు. తూటా తగలగానే జంతువు ఏం చేసిందో గుర్తుంచుకుంటాడు. ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో తగిలితే ముందుకాళ్లెత్తి ఎగిరి, నేలకు వంగి దూసుకుపోతుంది. పేగుల్లో తగిలితే వీపు గూనిలా వంచి, నెమ్మదిగా నడిచిపోతుంది. తర్వాత ఆ చోటికి వెళ్లి కొమ్మ విరిచి గుర్తు పెడతాడు, చుట్టూ తొక్కడు. నురగతో కూడిన లేత ఎర్రటి నెత్తురు ఊపిరితిత్తులది, ముదురు గోధుమరంగుది కాలేయానిది, పచ్చటి మేత కలిసింది పొట్టది. బోలుగా గుండ్రంగా ఉన్న ఎముక ముక్క కాలిది, బల్లపరుపుగా ఉన్నది పక్కటెముకది. పొట్టకు తగిలిందని తేలితే మూడు నాలుగు గంటలు ఆగుతారు. వెంటనే తరిమితే ఆ జంతువు కిలోమీటర్లు పరుగెడుతుంది, వదిలేస్తే దగ్గర్లోని పొదలో పడుకుంటుంది. బాధ తగ్గించడానికే ఆగాలన్నది మొదట నాకు మింగుడుపడలేదు. కానీ అదే నిజం.

అప్పుడొస్తుంది కుక్క. హనోవర్ జాతిదో, బవేరియా కొండజాతిదో. మెడకు పొడవాటి తోలు తాడు. నెత్తురు లేనిచోట కూడా గిట్టల వాసన పట్టి పోవడం దాని ప్రత్యేకత. అందుకు శిక్షణ ఇచ్చేటప్పుడు మనిషి బూట్ల అడుగున నిజమైన జింక గిట్టలు బిగించుకుని అడవిలో నడుస్తాడు. 40 గంటల కిందటి జాడను కిలోమీటరు పొడవునా పట్టుకోగలదా అన్నది దానికి పెట్టే పరీక్షల్లో ఒకటి. జంతువు దొరికితే వేటగాడికి ఓక్ కొమ్మో పైన్ కొమ్మో అందుతుంది. అతను అందులో ఒక రెమ్మ విరిచి కుక్కను తెచ్చిన మనిషికి ఇవ్వడం ఆచారం.

తూటా తప్పిందని వేటగాడు ఒట్టేసి చెప్పినా ఆ చోటు వెతకాల్సిందే. చాలాదూరం పోయాక నెత్తురు ఆగిపోయి, జంతువు మందలో కలిసి మామూలుగా నడుస్తోందని అడుగులు చెబితే, చర్మమే చిట్లిందని తేల్చి కుక్కను వెనక్కి పిలుస్తారు. ఆ తర్వాత వేటగాడు షూటింగ్ రేంజికి వెళ్లి తన రైఫిల్ గురి సరిచూసుకుంటాడు. అది తేలేదాకా మళ్లీ మంచె ఎక్కడు.