మానేసిందా, మాన్పించారా? : ఒక దరఖాస్తును చదవడం

కథల్లో స్త్రీ పాత్ర ఎలా ఉందో, కవిత్వంలో స్త్రీ గొంతు ఎవరిదో మనం చాలాకాలంగా చర్చిస్తున్నాం. దరఖాస్తు ఫారాన్ని మాత్రం ఎవరూ అలా చదవరు. అది సాహిత్యం కాదు కదా అంటారు. కానీ మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు పల్లెల్లో ఒక ఆడపిల్ల బతుకు గురించి రాతలోకి ఎక్కే మొదటి కథనాల్లో అదొకటి. ఆ కథనంలో ఏ క్రియకు ఎవరు కర్తో అడగడం స్త్రీవాద విమర్శ చెయ్యాల్సిన పనే.

ఇక్కడ నేను చదువుతున్నది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయ ప్రవేశాల భాషని. కేంద్ర ప్రభుత్వం 2004 ఆగస్టులో ఈ పథకాన్ని తెచ్చింది. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశ సగటు కంటే తక్కువగా, స్త్రీపురుషుల మధ్య తేడా సగటు కంటే ఎక్కువగా ఉన్న వెనకబడిన ప్రాంతాల్లో ఆడపిల్లలకు ఆశ్రమ పాఠశాలలు పెట్టాలన్నది దీని ఉద్దేశం. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలకు. మొదట 6 నుంచి 8 వరకే ఉన్న చదువును 2018లో సమగ్ర శిక్ష వచ్చాక 12వ తరగతి దాకా పెంచే వీలు కలిగింది. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా స్త్రీల అక్షరాస్యత 53 శాతం, పురుషులది దాదాపు 73 శాతం. దేశమంతటి పిల్లల చేతుల్లోకి పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆ పలకల పనిలో చేతులు అరగదీసుకున్న ఆడవాళ్లెందరో. ఈ బడులు ఇక్కడ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. నా పేచీ బడితో కాదు, బడి గుమ్మంలో వాడే మాటలతో.

ప్రవేశ ప్రకటనలో ఏటా కనబడే వరస ఇది: అనాథలు, బడి బయటి పిల్లలు, డ్రాపౌట్లు, ఆ తరవాత పేద ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలు. డ్రాపౌట్ అన్న మాటని తెలుగులో 'బడి మానేసిన పిల్ల' అంటున్నాం. ఎవరు మానేశారు? పిల్లే. తనంతట తను. కానీ మన భాషలో ప్రేరణార్థకం అనేది ఒకటుంది. మానడం వేరు, మాన్పించడం వేరు. 'మా అమ్మాయి మానేసింది' అనే ఇంట్లోనే, కాసేపు కూచుని మాట్లాడితే, 'పెద్దమనిషయింది, మాన్పించాం' అన్న మాట బయటికొస్తుంది. చిన్నపిల్లాణ్ణి చూసుకోవడానికి మాన్పించాం, హైస్కూలు దూరమని మాన్పించాం. ఇంటి భాషకి తెలిసిన ఈ తేడా ప్రభుత్వ భాషలోకి రాలేదు. అక్కడికి వెళ్లేసరికి మాన్పించినవాళ్లు మాయమై, మానేసిన పిల్ల ఒక్కతే మిగిలింది.

వానలు సరిగా పడని ఈ నేలలో ఏడాదిలో కొన్ని నెలలు ఊరే కదిలిపోతుంది. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు, బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వైపు. కోతలు ముమ్మరంగా సాగే ఎండాకాలపు తొలిరోజుల్లోనే కస్తూర్బా దరఖాస్తులూ మొదలవుతుంటాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఎంపికైన కబురు ఫోన్‌కు మెసేజ్‌గా. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఎవరి జేబులో ఉంది? ఆ మెసేజ్ చదవగలిగిందెవరు? చదివినవాడు తల్లికి చెప్పాడా? పిల్ల చదువు ఈ చిన్న ప్రశ్నల మీద ఆధారపడి ఉంది.

ఇక 'అనాథ'. నాథుడు లేనిది అనాథ. తల్లి బతికుండగానే తండ్రి పోయిన పిల్లని మన ఊళ్లలో సులువుగా ఈ మాటతో పిలిచేస్తారు. తల్లి ఉండటం లెక్కలోకి రాదు. భర్త పోయిన స్త్రీ చేతిలో మరణ ధ్రువపత్రం ఉంటుంది. విడాకులైతే కోర్టు కాగితం ఉంటుంది. వదిలేసిపోయిన భర్త బతికే ఉన్నాడు గనక ఆ రెండూ లేని స్త్రీ తను ఒంటరినని ఏ కాగితంతో రుజువు చేసుకోవాలి?

ఈ చిక్కు పల్లెటూరి ఆడవాళ్లదే కాదు. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేర బాండ్లకు దరఖాస్తు పెడితే, తండ్రి సంతకం కావాలని రిజర్వ్ బ్యాంక్ తిప్పిపంపింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనరు సంరక్షకులుగా ముందు తండ్రిని, అతని 'తరవాత' తల్లిని చెప్పింది. 1999లో సుప్రీంకోర్టు ఆ 'తరవాత' అంటే చనిపోయాకనే కాదు, తండ్రి బాధ్యత తీసుకోని పరిస్థితిలో కూడా అని అర్థం చెప్పింది. ఒక్క మాటకి అర్థం మారితే ఎందరో తల్లుల సంతకానికి విలువొచ్చింది. మాటల్ని పట్టించుకోవడం పండిత చర్చ కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయినా ఆ తీర్పులో తండ్రి పక్కకు తప్పుకుంటేనే తల్లికి చోటు. తల్లి ఇంకా 'తరవాతే'.

2009 విద్యాహక్కు చట్టం భాష దీనికి భిన్నంగా ఉంటుంది. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదంటుంది. టీసీ ఆలస్యమైందని ఆపకూడదంటుంది. చదువు ఆగిన పిల్లని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంటుంది. అందులో పిల్లకి హక్కుంది. సీట్లు తక్కువగా ఉండే ఆశ్రమ పాఠశాల గుమ్మంలో మాత్రం అదే పిల్ల ఎవరికంటే తను ఎక్కువ దిక్కులేనిదో చూపించుకోవాలి. చదవాలన్న కోరికని చెప్పుకునే చోటు ఆ వరసలో ఎక్కడుంది?

భండారు అచ్చమాంబ 'స్త్రీవిద్య' రాసిన 1902 నాటికి ఆడవాళ్లు ఎందుకు చదవాలన్నదే వాదన. ఇవాళ ఆ వాదన పైకి ఎవరూ చెయ్యరు. అది ఫారాల్లో, వరసల్లో, క్రియాపదాల్లో నక్కి ఉంది. అందుకే నేను అడిగేవి చిన్నవే. 'మానేసిన' అన్నచోట 'చదువు ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు' అని అడగండి. ఒంటరి తల్లి స్వయంగా రాసిచ్చిన మాటని కాగితంగా తీసుకోండి. 'నాకు చదువుకోవాలనుంది' అని పిల్ల తన చేత్తో రాసుకోవడానికి ఒక గీత వదలండి. పశ్చిమ ప్రకాశం పిల్లలు ఆ గీత మీద ఏం రాస్తారో చదవడానికి విమర్శకులుగా మనమూ సిద్ధంగా ఉండాలి.