ఎవరిచేత కుట్టించాడు?

జంపనిలో ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు సండేస్కూలు ముగించాలి. పిల్లలు చాపల మీద సర్దుకుని కూర్చుంటారు. రేపల్లె రైలు కూత వినబడితే సగం తలలు కిటికీ వైపు తిరుగుతాయి. ఇరవై ఏళ్లుగా ఆ చాపల ముందు కూర్చుని కథలు చెబుతున్నాను. ఎక్కువసార్లు చెప్పింది ఆదాము హవ్వల కథ. ఎక్కువసార్లు తప్పుగా చెప్పిందీ అదే.

దేవుడు వద్దన్నాడు, వాళ్లు తిన్నారు, దేవుడికి కోపమొచ్చింది, తోటలోంచి వెళ్లగొట్టాడు. అంతే కథ. ఆఖర్న గొంతు పెంచి, "మాట వినకపోతే ఏమవుతుందో చూశారా?" అనేవాణ్ణి. పిల్లలు బిక్కచచ్చి కూర్చునేవాళ్లు. చిన్నప్పుడు నాకూ అలాగే చెప్పారు. నాకు అందిన భయాన్నే నేనూ అందించాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం కథ చెప్పకుండా ఆదికాండం మూడో అధ్యాయం చదివించాను, ఒక్కొక్కరిచేత ఒక్కో వచనం. 21వ వచనం ఏడో తరగతి పిల్ల వంతుకు వచ్చింది. వాళ్లమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. ఆదాముకూ అతని భార్యకూ దేవుడు చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడని అక్కడ ఉంటుంది. ఆ పిల్ల చదవడం ఆపి, "చేయించి అని ఉందేంటి మాస్టారూ? ఎవరిచేత కుట్టించాడండీ? అక్కడ ఇంకెవరూ లేరుగా!" అంది.

నా దగ్గర జవాబు లేదు. హీబ్రూ చదువుకున్న ఒక పాస్టరుగారిని అడిగాను. మూలంలో చేయించడం లేదయ్యా, చేశాడనే ఉంది అన్నారు. మన దగ్గర పెద్దవాళ్లు పని చేయరు, చేయిస్తారు. దేవుణ్ణి అంత పెద్దరికంలో నిలబెట్టాలని ఆ మాట అలా పడిందేమోనని నా అనుమానం. అంతటి తెలుగు బైబిల్లో ఒక్క క్రియ కింద దేవుడి చేతులు కనబడకుండా పోయాయి. మిషను చప్పుడు వింటూ పెరిగిన పిల్ల కాబట్టి పట్టుకుంది.

ఆ రాత్రి అధ్యాయమంతా మళ్లీ చదివాను. ఏడో వచనంలో వాళ్లిద్దరూ అంజూరపు ఆకులతో తమ తిప్పలు తాము పడ్డారు. తర్వాత చెట్ల చాటున దాక్కున్నారు. దేవుడు వచ్చి ఎక్కడున్నావని అడిగాడు. మగవాడు ఆడమనిషి మీదికి నెట్టాడు, ఆమె పాము మీదికి నెట్టింది. క్షమించమన్న మాట అధ్యాయం మొత్తంలో ఎవరి నోటా లేదు. అయినా చొక్కాయిలు వచ్చాయి. తోటలోంచి పంపేయడం 23వ వచనంలో. బట్టలు తొడగడం అంతకు ముందే. ఈ వరస ఇన్నేళ్లూ నా కంటబడలేదు.

మేం లూథరన్లం. లూథరు 1529లో ఇళ్లల్లో పిల్లలకు చెప్పుకోవడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకమే మాకు కన్ఫర్మేషన్ పాఠం. మనిషి తన తెలివితో, తన బలంతో దేవుడి దగ్గరికి రాలేడని, ముందు అడుగు దేవుడిదేనని అందులో నేర్చుకుని అప్పజెప్పాను కూడా. కృప అనే మాటకు అర్థం అదే. కానీ చాప ముందు కూర్చున్నాక నేను చెప్పింది ఆ పాఠం కాదు.

దీనివల్ల మా పల్లెలకు జరిగే నష్టం ఇంకొంచెం లోతైనది. 1842 జూలై 31న మిషనరీ హయ్యరు గుంటూరు చేరాడు. ఆయన మొదలుపెట్టిన మిషను తర్వాత్తర్వాత ఈ డెల్టా మాలపల్లెల్లోకీ మాదిగపల్లెల్లోకీ వచ్చింది. ఆ సంఘాలే 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘమయ్యాయి. అయితే అవిధేయత మా వాళ్లకు బైబిలుతో వచ్చిన సంగతి కాదు. ఆసామి నోట దాని పేరు పొగరు. పాలేరు ఆలస్యంగా వస్తే పొగరు, కూలి ఎంతని అడిగితే పొగరు, చెప్పులేసుకుని ఎదురుపడితే పొగరు. ఆ ఇళ్ల పిల్లలకు, మాట వినకపోతే దేవుడూ వెళ్లగొడతాడని మాత్రమే చెప్పి ఊరుకుంటే, దేవుడి ముఖంలో వాళ్లకు ఎవరు కనబడతారు?

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు తిరిగొస్తూ ఒక మాట కూర్చుకుంటాడు. కొడుకునని అనిపించుకోను, కూలివాడిగా పెట్టుకోమని అడగాలనుకుంటాడు. తండ్రి ఎదుట నిలబడి మొదలుపెడతాడు, కానీ కూలి ఊసు దాకా రాడు. ఈలోపే తండ్రి మంచి బట్ట తెమ్మని కేకేస్తాడు. ఇక్కడా బట్టే ముందు. తండ్రిని ఆసామిని చేసుకుందామని వచ్చిన కొడుక్కి ఆ తండ్రి అవకాశమివ్వలేదు. నాట్లకూ కోతలకూ కూలికెళ్లి బతికినవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కృప అంటే జరిగిందాన్ని మరిచిపొమ్మనడం కాదని కూడా చెప్పాలి. తోట బయట ముళ్లున్నాయి, చెమట ఉంది. తర్వాతి అధ్యాయంలోనే దేవుడు కయీనును నీ తమ్ముడెక్కడని అడుగుతాడు. నెత్తురు నేలలోంచి మొరపెడుతోందంటాడు. కయీనును ఎవరూ చంపకుండా గుర్తు వేసింది కూడా ఆయనే, కానీ ఆ ప్రశ్న అడిగిన తర్వాతే. చుండూరు మాకు దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. క్షమించండి, మరిచిపోండి అని మా పల్లెలకు బోధించడానికి చాలామంది వస్తారు. తమ్ముడెక్కడన్న ప్రశ్నను దాటేసి చెప్పే క్షమాపణ ఆదికాండంలో లేదు. కృప పేరుతో దాన్ని చెప్పడం తప్పు.

ఆ పిల్లకు మరుసటి ఆదివారం జవాబు చెప్పాను: "ఎవరిచేతా కాదమ్మా, ఆయనే కుట్టాడు." కాసేపు ఆలోచించి, "అయితే కొలతలు తీసుకునుంటాడు," అంది.

సండేస్కూలు టీచర్లకు ఒక విన్నపం. ఈసారి ఈ కథ చెప్పేటప్పుడు, 24వ వచనంలో ఖడ్గం దగ్గరికి వెళ్లే ముందు 21 దగ్గర ఆగండి. ఆ వచనం పిల్లల్లో ఒకరిచేత చదివించండి. వాళ్లు ఏదైనా అడిగితే అడగనివ్వండి.